బావ నడపని బండి

ఆస్పత్రి ఉద్యోగం నుంచి రిటైరై వారం తిరక్కముందే బావ, పాత ఇనుము కొట్టు నుంచి ఒక బండిని తాళ్ళు కట్టి లాగించుకొచ్చి పెరట్లో రేకుల షెడ్డు కింద పెట్టించాడు. అసలు దాన్ని బండి అనడానికే మనసొప్పాలి. ముందు ముగ్గురు ఇరుక్కుని కూచునే చిన్న గది, వెనక సామాన్లు వేసుకునే తొట్టి. దీపాలు ఊడిపోయిన గుంటలు రెండూ గుండ్రంగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. తొట్టిలో చెక్కలు పుచ్చిపోయి, సందుల్లో గడ్డి మొలిచింది. ఒక తలుపు తెరుచుకోదు, రెండోది మూసుకోదు.

అక్క పెరటి గుమ్మంలోకి వచ్చి, చేతిలో తడిగుడ్డ అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"పాత ఇనుము అమ్ముకునేవాళ్ళని చూశాను గానీ, కొనుక్కొచ్చి ఇంట్లో పెట్టుకునేవాళ్ళని ఇవాళే చూడ్డం," అంది.

"ఇనుమేమిటే? పికప్పు ట్రక్కు. నేను పుట్టిన ఏడే ఇదీ పుట్టింది," అన్నాడు బావ.

"అదీ సంగతి. ఇద్దరికీ ఒకేసారి కీళ్ళు పట్టేశాయన్నమాట."

మేడ మెట్ల మీద కూచున్న చిన్నోడు పగలబడి నవ్వాడు. చిన్నోడంటే అక్క తమ్ముడు. యాభై దాటాయి, బట్టతల వచ్చింది, అయినా ఆ వీధి మొత్తానికీ చిన్నోడే. కళ్ళజోళ్ళ కొట్లో అద్దాలు అరగదీసే పని. తల్లి పోయినప్పుడు, అప్పుడే కొత్తగా కాపురానికొచ్చిన అక్క వెంట ఈ ఇంటికి చేరాడు. సైకిలు తొక్కడం బావే నేర్పాడు, గడ్డం గీసుకోవడం బావే నేర్పాడు. పెళ్ళి చేసిందీ బావే. ఆ పెళ్ళి నిలవక చిన్నోడు ఒక పెట్టె పట్టుకుని తిరిగొచ్చిన రోజున, "మేడ మీద గది ఊడ్పించాను, కిటికీ రెక్క ఒకటి బిగుసుకుంది, మెల్లిగా లాగు," అన్నాడే తప్ప ఇంకొక్క మాట అడగలేదు. అక్కాబావలకి పిల్లల్లేరు. ఆ లోటు గురించి ఎవరైనా కదిపితే బావ మేడ వైపు వేలు చూపించి, "ఒకడున్నాడుగా, చాలదా? ఇంకా పాలు మానలేదు," అనేవాడు.

బావ ఉద్యోగమల్లా ఆస్పత్రిలో శవాల బండి నడపడం. వార్డు నుంచి ఇంటికో, ఇంటి నుంచి శ్మశానానికో. చేరినప్పుడు నాలుగు నెలలు చేసి మానేద్దామనుకున్నాడు. మానలేదు. పోయినవాళ్ళని కూడా గుంటలు తప్పించి మెల్లిగా తీసుకెళ్ళేవాడని పేరు. ఇంటికొచ్చి స్నానం చేసి, ఆ పూట ఎవరిని మోశాడో ఎప్పుడూ చెప్పేవాడు కాదు. ఒక్కసారి మాత్రం, షెడ్డులో పికప్పు కింద వెల్లకిలా పడుకుని తుప్పు గీకుతూ తనే అన్నాడు.

"నా బండెక్కినవాడెవడూ ఇంకా ఎంత దూరమని అడగలేదురా చిన్నోడా. మెల్లిగా పోనీమన్నవాడు లేడు, ఇక్కడ దించమన్నవాడు లేడు. ఇది బాగుచేసి, వెనక తొట్టి నిండా మనుషుల్ని ఎక్కించుకుని తిప్పుతాను. కాసేపు నా చెవులు చిల్లులు పడాలి."

"నీ డ్రైవింగుకి కేకలే పెడతారు, బెంగపెట్టుకోకు," అన్నాడు చిన్నోడు.

ఆదివారాలు వాళ్ళిద్దరివీ అయిపోయాయి. పొద్దున్నే పాత చొక్కాలు తొడుక్కుని షెడ్డులో దూరితే, అక్క భోజనానికి పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకుని, చివరికి కంచాలు అక్కడికే పట్టుకొచ్చేది. తుప్పు తిన్న అడుగు రేకుని కోయించి కొత్తది అతికించారు. ఇంజను విప్పి నట్లూ బోల్టులూ సైజువారీగా డబ్బాల్లో వేసుకున్నారు. ఇంజను పని బావది. మూత మీద స్క్రూడ్రైవరు ఆనించి, దాని పిడికి చెవి పెట్టి, లోపల ఏ బేరింగు మూలుగుతోందో చెప్పేవాడు. నునుపు చేసే పని చిన్నోడిది. రోజంతా అద్దాలు అరగదీసే చెయ్యి కదా, రేకు మీద లప్పం పెట్టి గరుకు కాగితంతో రుద్దుతుంటే, కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమితేనే ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో తెలిసిపోయేది. వీధిలోవాళ్ళు గోడ మీంచి తొంగిచూసి, "ఎప్పటికి కదులుతుంది సార్?" అని ఎగతాళి చేసేవాళ్ళు. "ముందు నువ్వు నా గోడ దగ్గర్నుంచి కదులు, తర్వాత అది కదుల్తుంది," అనేవాడు బావ.

మొదటిసారి ఇంజను పలికిన ఆదివారం అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. షెడ్డు నిండా పొగ. పొగలోంచి ఇద్దరూ దగ్గుకుంటూ, ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు చేతులేసుకుని బయటికొచ్చారు. అక్క ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఇంత సంబరం మీ పెళ్ళిరోజున కూడా చూడలేదు," అంది. ఇద్దరిలో ఎవర్ని అందో ఎవరూ అడగలేదు.

ఆ తర్వాతే బావ చేతుల్లోంచి నట్లు జారిపోవడం మొదలైంది.

ముందు గ్రీజు వల్లనుకున్నారు. తర్వాత చలి వల్లనుకున్నారు. తర్వాత ఒకరోజు బావ చొక్కా బొత్తాం పెట్టుకోలేక అద్దం ముందు చాలాసేపు నిలబడిపోవడం అక్క చూసింది. బావ పనిచేసిన ఆస్పత్రికే ముగ్గురూ వెళ్ళారు. అక్కడ అందరూ ఎరిగినవాళ్ళే. నరాల డాక్టరు బావని కూచోబెట్టి, చేతులు పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే వంచి చూసి, కొన్ని పరీక్షలు చేయించాడు. అవి వచ్చాక తలుపు వేసి చెప్పాడు. కండరాలకి ఆజ్ఞ తీసుకెళ్ళే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. ముందు చేతులు, తర్వాత కాళ్ళు, మాట, మింగడం. చివరికి ఊపిరి. తెలివి మాత్రం చెక్కుచెదరదు. మందంటూ లేదు.

అక్క తల వంచుకుంది. చిన్నోడు గోడ మీది క్యాలెండరు వంక చూస్తూ ఉండిపోయాడు. బావ ఒక్కటే అడిగాడు.

"స్టీరింగు ఎన్నాళ్ళు పట్టుకోగలను?"

డాక్టరు కాగితాలు మళ్ళీ తిరగేశాడు. "వేసవి దాకా... బహుశా," అన్నాడు.

"అయితే బండి తొందరగా కానిచ్చెయ్యాలిరా," అన్నాడు బావ, చిన్నోడి మోకాలి మీద తట్టి.

నిజానికి తొందరగానే అయిపోయేది. మిగిలినవి బ్రేకులు, రంగు, సీటు, తొట్టికి చెక్కలు. అంతే. బావ పని చెయ్యలేకపోయినా షెడ్డులో కుర్చీ వేసుకుని కూచుని, ఏది ముందు ఏది వెనకో చెబుతుండేవాడు. సాయంత్రాలు కూడా చిన్నోడు కొట్టు నుంచి తిన్నగా షెడ్డుకే వచ్చేవాడు. బావ అతని కోసం ఎదురుచూసేవాడు. వీధి తలుపు చప్పుడైతే చాలు, ముఖంలోకి వెలుగొచ్చేది.

ఆ వెలుగే చిన్నోడి కొంప ముంచింది. బండి అయిపోతే ఈ మనిషి ఇంక దేనికోసం ఎదురుచూస్తాడు? ఎప్పుడు పుట్టిందో తెలీదు గానీ ఆ ఆలోచన పుట్టాక పోలేదు. బండి పని మిగిలున్నంతకాలం బావ ఉంటాడు. బండి అయిన మర్నాటి నుంచి ఈ కుర్చీలో జబ్బు తప్ప ఇంకేమీ ఉండదు. ఈ లెక్క అతను ఎవరితోనూ అనలేదు. తనలో తను కూడా మాటల్లో పెట్టుకోలేదు. చేతులు మాత్రం దాని ప్రకారమే నడిచాయి.

బ్రేకు సామాను దొరకడం లేదన్నాడు. మొదట్లో నిజమే. దొరికాక కూడా ఇంకో రెండు వారాలు అదే మాట అన్నాడు. నీలం రంగు వేశాక, ఎండలో చూసి చార కనిపిస్తోందని మొత్తం రుద్దేశాడు. అక్కకి ఏ చారా కనిపించలేదు. మళ్ళీ వేసి మళ్ళీ రుద్దాడు. చక్కగా పలుకుతున్న కార్బురేటరుని విప్పి, ముక్కలన్నీ పెట్రోలు గిన్నెలో పడేసి కూచున్నాడు.

"నిన్న బాగానే పలికిందిగా. ఎందుకు విప్పావు?" అన్నాడు బావ. అప్పటికే మాట కాస్త ముద్దగా వస్తోంది.

"లోపల చెత్తేదో ఉన్నట్టనిపించింది బావా."

బావ అతని వంక చాలాసేపు చూశాడు. ఆపైన పెట్రోలు గిన్నె వంక చూశాడు. "సరేలే, చూడు," అన్నాడు.

వేసవి వచ్చింది. బావ కుర్చీలోంచి చక్రాల కుర్చీలోకి మారాడు. ఒకరోజు మధ్యాహ్నం అక్క షెడ్డులోకి వచ్చేసరికి చిన్నోడు మూడోసారి బానెట్టు మీద గరుకు కాగితం ఆడిస్తున్నాడు. బావ లోపల నిద్రపోతున్నాడు. అక్క వచ్చి అతని మణికట్టు పట్టుకుని ఆపింది.

"చాల్లే. ఎవరి కోసంరా ఇదంతా?"

"ఎవరి కోసమేమిటి? బావ కోసమే."

"ఆయన పొద్దున్న గ్లాసు పట్టుకోలేకపోయారు. రెండు చేతులతో కూడా. నేను తాగించాను." అక్క గొంతు పైకి లేవలేదు. "పోయిన నెల్లో పట్టుకున్నారు. గ్లాసూ పట్టుకున్నారు, తలుపు గడియా తీశారు. పోయిన నెల్లో ఈ బండి ఇచ్చుంటే నడిపేవారు కదరా."

చిన్నోడి చేతిలో కాగితం కింద పడింది. "అయిపోతే ఇంకేముంటుందక్కా ఆయనకి?" అన్నాడు.

"నడిపేవారురా. అది ఉండేది," అంది అక్క. అలా అని అక్కడే ఒక డబ్బా మీద కూలబడి, మొగుడు మేలుకుంటాడేమోనని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చిన్నోడు పక్కన నిలబడే ఉన్నాడు. అక్క వీపు మీద చెయ్యి వేద్దామనుకున్నాడు, వెయ్యడానికి చెయ్యి రాలేదు.

ఆ మర్నాటి నుంచి కొట్టుకి సెలవు పెట్టాడు. కార్బురేటరు బిగించాడు, బ్రేకులు ఎక్కించాడు, రంగు వేశాడు. చార నిజంగానే పడింది ఈసారి, పట్టించుకోలేదు. అక్క సీటుకి గుడ్డ కుట్టింది. తొట్టికి కొత్త చెక్కలు పరిచారు. నెలల తరబడి సాగిన పని ఒక్క వారంలో ముగిసిపోయింది. మిగిలి ఉండింది ఎంత కొంచెమో చిన్నోడు అప్పుడు చూసుకున్నాడు.

బండి వీధిలోకి తీసిన ఉదయం గోడ మీంచి ఎగతాళి చేసినవాళ్ళంతా వచ్చి చప్పట్లు కొట్టారు. బావని చక్రాల కుర్చీలో డ్రైవరు తలుపు దగ్గరికి తీసుకెళ్ళారు. బావ కాసేపు స్టీరింగు వంక చూశాడు. కుడిచెయ్యి పైకెత్తబోయాడు. అది ఒళ్ళోంచి కొంచెం లేచి మళ్ళీ ఒళ్ళోనే పడింది. తలతో అవతలి తలుపు వైపు సైగ చేశాడు.

చిన్నోడు బావని చేతుల్లోకి ఎత్తుకున్నాడు. అంత తేలిగ్గా ఉంటాడని అనుకోలేదు. మధ్యలో అక్క, కిటికీ పక్కన బావ. దుప్పటి మడిచి ఛాతీకి అడ్డంగా చుట్టి సీటుకి కట్టారు. చిన్నోడు స్టీరింగు ముందు కూచున్నాడు. ఎవరో చెంప మీద కొట్టినట్టుంది అతనికి.

ఊరి బయట పాత రోడ్డెక్కారు. బండి చక్కగా నడిచింది, అదొక బాధ. గేరు మార్చాల్సిన చోటల్లా బావ ఎడమ పాదం కొంచెం కదలడం అక్క చూసింది. హోటళ్ళ బట్టలుతికే ఫ్యాక్టరీ ముందు స్టాపులో ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. షిఫ్టు అయినట్టుంది, బస్సు రాలేదు.

"ఆపు," అన్నాడు బావ.

"ఏం, ఊపిరాడట్లేదా?" కంగారుపడింది అక్క.

"వాళ్ళని. ఎక్కించుకో."

చిన్నోడు దిగి అడిగాడు. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ముందు సీట్లో అక్క కనపడింది కాబట్టి నమ్మకం కుదిరి, చీరలూ సంచులూ సర్దుకుంటూ ఒకళ్ళనొకళ్ళు తోసుకుని తొట్టిలోకి ఎక్కారు. వెనక చక్రాల మీద బండి కుంగింది. అంతే, గోల మొదలైంది. ఒకామె కాలు తొక్కారంటుంది, ఇంకొకామె కొత్త రంగు చీరకి అంటుకుందంటుంది. ఎవరో పాడబోతే పక్కవాళ్ళు నోరు మూయించారు. గుంట వచ్చినప్పుడల్లా అందరూ కలిసి కెవ్వుమంటున్నారు.

"ఇంకా ఎంత దూరం తీసుకెళ్తావయ్యా, మా మలుపు దాటిపోయింది!" అని ఒకామె గది పైకప్పు మీద దబదబా బాదింది. "ఆపు, ఆపు! నడపడం ఎవరు నేర్పారు నీకు?"

బావ ఆ చప్పుడుకి తల వెనక్కి ఆనించి, కళ్ళు మూసుకుని నవ్వాడు. నవ్వుతోపాటే కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు లేవవు. అక్క తుడుస్తుంటే తల పక్కకి తిప్పి వద్దన్నాడు, కారనిమ్మన్నాడు.

అందరినీ దించాక, తిరిగొచ్చే దారిలో చెట్ల నీడన బండి ఆపారు. అక్క పక్కనున్న కొట్టుకి నీళ్ళ కోసం వెళ్ళింది. చిన్నోడు స్టీరింగు మీద చేతులు తియ్యకుండానే అన్నాడు.

"ఎండలు ముదరకముందే అయిపోయేది బావా. నేనే ఆపాను. రంగులో చారా లేదు, కార్బురేటరులో చెత్తా లేదు."

"తెలుసు."

"మరి అడగలేదేం?"

బావ మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. "నాకూ... భయమేసింది. అయిపోతే... ఏంటని." రోడ్డు వంక చూస్తూ, కోపమేమీ లేకుండా, మామూలు సంగతి చెప్పినట్టు చెప్పాడు. "కానీ... నడిపుంటే బాగుండేదిరా."

అక్క నీళ్ళ సీసాతో వచ్చేసరికి ఇద్దరూ ముందు అద్దంలోంచి ఒకే వైపు చూస్తూ కూచుని ఉన్నారు.

ఆ తర్వాత ఇంకో మూడు సార్లు తిప్పారు. ప్రతిసారీ ఎవరినో ఒకర్ని ఎక్కించుకున్నారు. కూరగాయల బుట్టల ముసలాయన, బడి పంతులమ్మ, ఒకసారి పెంపుడు మేకతో సహా ఒక కుటుంబం. వానలు మొదలయ్యాక బావ మంచం దిగలేదు. మాట పూర్తిగా పోకముందు అక్కకి ఒక సంగతి గట్టిగా చెప్పాడు. తనని ఆ బండిలో మాత్రం తీసుకెళ్ళొద్దన్నాడు. దాంట్లో బతికినవాళ్ళు తప్ప ఎక్కకూడదన్నాడు.

వాన వెలిసిన ఒక పొద్దుట, అక్క దిండు సర్దుతుండగా బావ ఊపిరి ఆగిపోయింది. ఆస్పత్రి బండే వచ్చింది. బావ తర్వాత ఆ ఉద్యోగంలో చేరినతను దిగి, టోపీ తీసి, చిన్నోడి చెయ్యి పట్టుకున్నాడు. "గుంటలన్నీ ఆయన చూపించినవేనండి. తప్పించి తీసుకెళ్తాను," అన్నాడు. అన్నట్టే మెల్లిగా తీసుకెళ్ళాడు.

ఆ తర్వాత చిన్నోడు షెడ్డు వైపు వెళ్ళలేదు. కొట్టులో అద్దాలు అరగదీస్తూ అరగదీస్తూ అవసరానికి మించి అరగదీసేసి యజమానితో చివాట్లు తిన్నాడు. అక్క కూడా షెడ్డు మాటెత్తలేదు. కానీ ఇంట్లో చక్రాల కుర్చీ ఉండిపోయింది, ఆస్పత్రి వాళ్ళు వాడుకోమని ఇచ్చింది. వచ్చేపోయేవాళ్ళ కాళ్ళకి తగులుతూ, నడవలో.

ఒకరోజు అక్క అంది. "అది ఇచ్చేద్దాంరా. అక్కడ ఎవరికో కావాలి. ఆటోలో పట్టదు."

అంటే బండి తియ్యమనే. చిన్నోడు తాళం తీసుకుని షెడ్డులోకి వెళ్ళాడు. దుమ్ము తుడిచాడు. కుర్చీ మడిచి తొట్టిలో పెట్టి తాడు కట్టాడు. ఎక్కి కూచుంటే పాదాలు సరిగ్గా అందలేదు. సీటు వెనక్కి బిగించి ఉంది. బావ పొడుగాటి మనిషి. అతని కాళ్ళకి కొలిచి సీటు బిగించింది చిన్నోడే. తను నడిపినన్నాళ్ళూ వీపు వెనక దిండు పెట్టుకున్నాడు. ఆ దిండు తర్వాత బావ మంచం మీదికి వెళ్ళింది. మళ్ళీ ఎవరూ తీసుకురాలేదు.

"దిండు తేనా?" అంది అక్క తలుపు దగ్గర నిలబడి.

చిన్నోడు దిగాడు. సీటు కింద చూశాడు. నాలుగు బోల్టులు.

"వద్దక్కా. ఆ పానా ఇలా అందియ్యి," అన్నాడు.

మోకాళ్ళ మీద కూచుని ఒక్కొక్కటే విప్పాడు. అక్క అవతలి నుంచి సీటుని తోసింది. బెత్తెడు జరిగితే చాలు, జరగడానికి మాత్రం మొరాయించింది. చివరికి గర్రుమని ముందుకొచ్చింది. బోల్టులు బిగించి, చేతులు తుడుచుకుని, మళ్ళీ ఎక్కి కూచున్నాడు. పాదాలు పెడళ్ళ మీద హాయిగా ఆనాయి. క్లచ్చు నొక్కి చూశాడు. బ్రేకు నొక్కి చూశాడు. అన్నీ తన కాళ్ళకి సరిపోయాయి. బావ పోయిన నాడు రాని ఏడుపు అప్పుడొచ్చింది అతనికి, స్టీరింగు మీద నుదురు ఆనించి, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి.

అక్క చుట్టూ తిరిగొచ్చి కిటికీ పక్కన ఎక్కి కూచుంది. మధ్యలో చోటు ఖాళీగా ఉంది. ఏడవనిచ్చింది. కాసేపయ్యాక కొంగుతో తన ముఖం తుడుచుకుని, తలుపు రెండోసారి లాగి వేసుకుని, "పద, వాళ్ళ ఆఫీసు మూసేస్తారు," అంది.

చిన్నోడు తాళం తిప్పాడు.